ఏమండీ, ఉన్నారా?

కళ్లు మూసుకుని, కుడిచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, ఎడమచేత్తో ఆ నల్లటి ముక్కను రేకు కన్నంలోకి నెట్టాడు. టక్‌మంది. కళ్లు తెరిచేసరికి పొయ్యి మీద పాలు పొంగి, గట్టు మీంచి కిందికి కారుతున్నాయి. "నీ దుంపతెగ," అని పాలగిన్నెను తిట్టి, గుడ్డ తీసి తుడుచుకుని, మిగిలిన అరగ్లాసు పాలతోనే కాఫీ కలుపుకున్నాడు.

వంటింటి బల్లకు బిగించిన ఆ రేకు ఒక పాత బస్సు పక్కగోడలోంచి కోసి తెచ్చింది. దాని మధ్యలో గుండ్రటి కన్నం. అందులో కూర్చునే ముక్కను కనెక్టరు అంటారు. బస్సు లోపలి తీగలు బయటి దీపాలకు చేరాలంటే గోడ దాటాలి కదా. అలా దాటేచోట తీగ రేకు అంచుకు ఒరుసుకుని తెగకుండా, వాన నీళ్లు లోపలికి రాకుండా, బస్సు అదురుకు ఊడిపోకుండా కాసుకుని ఉండే ముక్క అది. బస్సెక్కినవాళ్లెవరూ దాన్ని చూడరు. చూడాల్సి వచ్చిందంటే ఏదో చెడిందన్నమాటే. ఆయన ముప్ఫై నాలుగేళ్లుగా వాటినే గీస్తున్నాడు.

కళ్లు మూసుకోవడం చాదస్తమని అక్కయ్య అంటుంది గాని, అందులో పెద్ద చాదస్తమేం లేదు. బస్సులు కట్టేచోట దీన్ని బిగించే మనిషి సీటు కింద దూరి, ఒక్క చెయ్యి మాత్రమే పట్టే సందులో, కంటికి ఆనని కన్నంలో పెట్టాలి. వాడికి కనబడనిది తనకెందుకు కనబడాలని ఆయన లెక్క. అందుకని గీసిన ప్రతి ముక్కనీ ముందు ఇంట్లో గుడ్డిగా పెట్టి చూస్తాడు. పళ్లు తోముకోవడం ఎంతో ఇదీ అంతే.

ఇల్లంటే రెండు గదులు. ఒక కంచం, ఒక మంచం, కిటికీ దగ్గర ఒక కుర్చీ. రెండో కుర్చీ ఉండేది గాని, దాని కాలు ఊడితే బాగుచేయించే అవసరం ఎన్నడూ రాలేదు. వయసులో ఉన్నప్పుడు అక్కయ్య ఒకమ్మాయిని చూపించింది. ఆయన ఆ అమ్మాయి వెనకున్న తలుపు బందు వంకరగా ఉందని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ కథ అక్కడితో సరి. వారానికోసారి అక్కయ్య ఫోను చేసి, "తిన్నావురా?" అని అడుగుతుంది. తిన్నానంటాడు. ఆ తర్వాత ఇద్దరూ కాసేపు వాన సంగతి మాట్లాడుకుంటారు.

ఇవాళ ఆ నల్లముక్కను మూడుసార్లు పెట్టి చూశాడు. మూడుసార్లూ టక్‌మంది. మామూలుగా అయితే సంబరపడాలి. ఆయన మాత్రం కాఫీ సగంలోనే తొట్లో ఒంపేశాడు.

ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ మిల్లీమీటరుగారు అంటారు, ఎదురుగానే అంటారు, ఆయనా పలుకుతాడు. ఆయన పనిచేసే పరీక్షగదిని అడ్డంగా రెండు ముక్కలు చేస్తూ నేల నుంచి కప్పు దాకా ఒక నిజమైన బస్సుగోడ నిలబెట్టారు. ఇవతల ఆయన బల్ల, గీతలు, కొలతల పనిముట్లు. అవతల సామాన్ల గదికి పోయే సందు. ఇటునుంచి అటు వెళ్లాలంటే బయటికొచ్చి, షెడ్డంతా చుట్టి, వెనక తలుపులోంచి రావాలి. ఎవరికంత ఓపిక? ఇవతలివాళ్లు ఇవతల, అవతలివాళ్లు అవతల.

అవతల ఉండేది ఒకావిడ. బిగింపు పనిలో ఆరితేరిన మనిషి. అవతల ఉంటుంది కాబట్టి ఫ్యాక్టరీ మొత్తానికీ అవతలమ్మ. పాత రకం కనెక్టరుకు ఒక నట్టు ఉంటుంది. ఇవతల నట్టు తిప్పుతుంటే అవతల దాని ఒళ్లు కూడా గిర్రున తిరిగిపోతుంది. అందుకని ఇంకో మనిషి దాన్ని అవతలినుంచి కదలకుండా పట్టుకోవాలి. ఆ పట్టుకునే పని ఇరవై రెండేళ్లుగా ఆవిడది.

మొదటి వారం ఇద్దరికీ పడి చచ్చేది కాదు. ఈయన "కుడికి" అంటే ఆవిడ తన కుడికి తిప్పేది. గోడకి అటూ ఇటూ ఎదురెదురుగా నిలబడ్డవాళ్లకు కుడి ఒక్కటెలా అవుతుంది? రెండు కనెక్టర్లు మర దెబ్బతిని పనికిరాకుండా పోయాక ఒడంబడిక కుదిరింది. "నా కుడి", "మీ కుడి" అని విడదీసి చెప్పుకోవాలి. ఇంకో సంగతి. అవతల చెయ్యి ఉందో లేదో చూసుకోకుండా నట్టు తిప్పితే ఆవిడ వేళ్లు నలుగుతాయి. అందుకని ప్రతిసారీ ముందు అడగాలి. పేరుపెట్టి పిలవడానికి మొహమాటం, అవతలమ్మా అనడానికి మర్యాద అడ్డం. చివరికి "ఏమండీ, ఉన్నారా?" అనేవాడు. "ఉన్నానండీ," అనేది ఆవిడ. సామాన్ల గుమాస్తా అది విని, "పాతికేళ్ల కాపురంలా ఉందయ్యా మీ ఇద్దరిదీ," అని మూడేళ్లపాటు నవ్వి, నవ్వి, చివరికి విసుగొచ్చి మానేశాడు.

రోజుకి నలభై సార్లు అడగడం, నలభై సార్లు ఉన్నానని వినడం. ఆ కన్నంలోంచే ఆవిడకు జలుబు చేసిందో లేదో ఆయనకు తెలిసేది. "రేపు రానండీ. మా ఆయన పోయారు," అని ఆవిడ ఒక సాయంత్రం ఆ కన్నంలోంచే చెప్పింది. ఆయన "అయ్యో" అన్నాడు. చేతిలో నట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంత మాట్లాడుకునేవాళ్లు, క్యాంటీనులో ఎదురుపడితే మాత్రం తల ఊపి తప్పుకుంటారు. మధ్యలో గోడ లేకపోతే ఇద్దరికీ మాట పెగలదు.

రెండేళ్ల కిందట మేనేజరు వచ్చి, రెండువైపులా మనిషి అక్కర్లేకుండా, ఒక్కడే ఒక్క చేత్తో ఒకేవైపు నుంచి బిగించేది కావాలన్నాడు. మిల్లీమీటరుగారికి ఇలాంటిది చెప్తే ఇంకేం కావాలి? గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు. నట్టు తీసేసి మూడు స్ప్రింగు రేకులు పెట్టాడు. నెడితే అవి ముడుచుకుని కన్నంలో దూరి, అవతల విచ్చుకుని గోడను పట్టేసుకుంటాయి. మూతిని కోసుగా చేసి, దానిమీద ఒక మెలిక గాడి పెట్టాడు. ఎంత వంకరగా పెట్టినా, తలకిందులుగా పెట్టినా, ముక్క తనంతట తనే తిరిగి సరిగ్గా కూర్చుంటుంది. అదంతా అయ్యాక గాని, తను తీసేసింది నట్టును కాదని ఆయనకు తట్టలేదు. అవతలమ్మకు పదవీ విరమణ వయసు దాటి రెండేళ్లయింది. అవతల పట్టుకోవడం ఇంకెవరికీ సరిగ్గా రాదని ఇన్నాళ్లూ ఉంచారు.

ఇవాళ చివరి పరీక్ష. పదిసార్లు బిగించాలి. ప్రతిసారీ అర నిమిషం లోపు కావాలి. పదిలో ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికి, అంటే ఇంకో ఏడాది. పదీ నెగ్గితే ఆవిడ ఇవాళ సాయంత్రమే వెళ్లిపోతుంది, ఎక్కడో దూరాన ఉన్న తమ్ముడి దగ్గరికి. పెట్టె కూడా సర్దుకుందని గుమాస్తా చెప్పాడు.

మేనేజరు పదకొండింటికి వచ్చాడు. మంచివాడే, కాస్త తొందర మనిషి. గోడ దగ్గర నోరుపెట్టి కేకేశాడు.

"అమ్మా, ఈసారి అవతల ఎవరూ ఉండకూడదు. మీరిటొచ్చి గడియారం పట్టుకోండి."

ఆవిడ షెడ్డు చుట్టి వచ్చింది. కొంగు బిగించి, కళ్లజోడు సర్దుకుని, ఆయన మోచేతి పక్కన నిలబడింది. ఇరవై రెండేళ్లలో ఆవిడ గోడకు ఈవైపు నిలబడటం ఇదే మొదలు. ఆయనకు ఆ పక్కన చెయ్యంతా బరువెక్కినట్టయింది.

"మొదలుపెట్టండి," అన్నాడు మేనేజరు.

ఆయన కళ్లు మూసుకున్నాడు. ముక్కను కన్నం దగ్గరికి తెచ్చాడు. "ఏమండీ, ఉన్నారా?" అని గోడకేసి అడిగాడు.

మేనేజరు ఫక్కున నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. పక్కనుంచి, బాగా దగ్గర్నుంచి, "ఇక్కడే ఉన్నానండీ," అంది.

ఆ గొంతు కన్నంలోంచి కాకుండా గాల్లోంచి రావడం ఆయనకు వింతగా అనిపించింది. నెట్టాడు. టక్‌మంది. పదకొండు సెకన్లని చదివిందావిడ. రెండోది పది. మూడోది తొమ్మిది. ఒకటి బిగించడం, సన్న చువ్వ లోపలికి పొడిచి రేకులు ముడిచి ఊడదీయడం, మళ్లీ బిగించడం. తొమ్మిది అయ్యాయి. తొమ్మిదీ నెగ్గాయి.

పదోది చేతిలోకి తీసుకుని ఆయన ఆగాడు. ఆవిడ వెళ్లిపోకూడదు. ఆ ఒక్క మాట ఆయన మనసులో ఇంత తేటగా ఎన్నడూ రాలేదు. నోరు తెరిచి అనడం ఆయన వల్ల కాదు. తప్పు చెయ్యడం కూడా ఆయనకు చేతకాని పనే గాని, రెంటిలో అదే సులువనిపించింది. ముక్కను తలకిందులు చేశాడు. కన్నానికి ఓరగా, ఎలా పెడితే అసలు దూరకూడదో అలా ఆనించి, బొటనవేలితో మొండిగా నొక్కాడు.

కోసుమూతి కన్నం అంచు పట్టుకుంది. గాడి మెల్లగా తిరిగింది. ఆయన వేళ్ల కింద ముక్క తనంతట తనే మెలితిరిగి, నిటారుగా సర్దుకుని, లోపలికి జారింది. టక్‌మంది.

"ఎనిమిది," అంది ఆవిడ. గడియారం దించి, మేనేజరుకు వినబడనంత మెల్లగా, "అంత వంకరగా పెట్టారేంటండీ?" అంది.

"చెయ్యి జారింది."

"మీ చెయ్యా?"

ఆయన ఆ చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. ఆవిడ ఆ చేతికేసి చూస్తూ, "ఇన్నేళ్లూ కన్నం దగ్గర మీ వేలికొసలే కనబడేవి. మణికట్టు దగ్గర ఇంత పెద్ద మచ్చ ఉందా మీకు," అంది.

తర్వాత గోడమీద పది నిమిషాలు గొట్టంతో నీళ్లు కొట్టారు. మేనేజరు పరుగున అవతలికి వెళ్లి చూసొచ్చి, ఒక్క చుక్క లేదని ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. కాఫీలు తెప్పించాడు. బస్సుల కంపెనీ వాళ్లు ఎగిరి గంతేస్తారన్నాడు. అవతలమ్మతో కూడా, "మీకింక హాయి, కాలుమీద కాలేసుకుని కూర్చోండి," అన్నాడు. ఆవిడ "అంతేగా మరి," అని గ్లాసు కింద పెట్టి, సామాను సర్దుకోవాలని బయటికి నడిచింది. తలుపు దగ్గర ఆగి ఆయనకేసి తిరిగింది. ఆయన గబగబా కాఫీగ్లాసులోకి చూశాడు.

మధ్యాహ్నమంతా ఆయన నివేదిక రాశాడు. నాలుగున్నరకు గోడ అవతల చప్పుడైంది. ఎవరో రేకుమీద వేళ్లతో తట్టారు. ఆ తర్వాత గొంతు, నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు.

"ఏమండీ, ఉన్నారా?"

ఇన్నేళ్లలో ఆవిడ ఎప్పుడూ ముందు అడగలేదు. ఆయన కుర్చీ తోసుకుని లేచాడు. "ఉన్నాను! ఉన్నానండీ!" అని అరిచాడు.

అవతల ఆవిడ ఏదో చెబుతోంది. చిన్న మాట కాదు, నాలుగైదు వాక్యాలుంటాయి. మధ్యలో ఒకసారి ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది. కన్నంలో పదో కనెక్టరు అలాగే బిగుసుకుని ఉంది. దాని చుట్టూ ఆయన రెండేళ్లు కష్టపడి కుదిర్చిన రబ్బరు అంచు. చుక్క నీరు పోనివ్వని ఆ అంచు మాటను మాత్రం పోనిస్తుందా? గొణుగుడు తప్ప ఒక్క అక్షరం తెలియలేదు.

"ఆగండి! ఒక్క నిమిషం!" అంటూ చువ్వ కోసం బల్లంతా వెతికాడు. దొరికింది. పొడిచాడు. మొదటి రేకు ముడుచుకుంది, రెండోది జారింది. అంత సులువుగా ఊడకుండా గీసింది తనే మరి. మళ్లీ పొడిస్తే మొదటిది విచ్చుకుంది. ఎలాగో మూడూ ముడిచి, ముక్కను లాగి పారేసి, కన్నానికి చెవి ఆనించాడు. అవతల గాలి తప్ప ఏమీ లేదు.

బయటికి పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ మనిషి పరుగెత్తడం చూసి గుమాస్తా నోరు తెరిచాడు. షెడ్డు చుట్టి వెనక తలుపు చేరేసరికి సిబ్బంది బస్సు గేటు దాటి మలుపు తిరుగుతోంది. అది కనుమరుగయ్యేదాకా నిలబడి, ఆయన ఆ సందులోకి వెళ్లాడు. ఆవిడేం చెప్పిందో ఇక తెలియదు. తెలిసినా ఏం చేసేవాడినని తనను తనే ప్రశ్నించుకున్నాడు, ఏడుపొచ్చింది.

సందు ఇరుగ్గా ఉంది. ఆవిడ సంచి తగిలించుకునేదేమో, గోడకు కొట్టిన మేకు ఖాళీగా ఉంది. కన్నంలోంచి తన బల్ల, తన దీపం, ఇప్పుడే వదిలొచ్చిన కుర్చీ కనబడ్డాయి. ఇటునుంచి చూస్తే ఇంత బాగా కనబడతానని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. ఆ కన్నం ఎంత ఎత్తులో ఉండాలో గుర్తుపెట్టింది ఆయనే, మొదటి రోజున తన ఛాతీ దగ్గర గోడమీద పెన్సిలు గీత గీసి. బిగించేవాడి వేళ్లు, మోచెయ్యి, నడుము అన్నీ కొలిచే మనిషి, అవతల నిలబడేవాళ్ల ఎత్తెంతని మాత్రం అడగలేదు. ఆవిడ ఆయన భుజం దాకా రాదు. ఆవిడా ఏనాడూ చెప్పలేదు.

గోడ మొదట్లో, సరిగ్గా కన్నం కింద, జానెడు ఎత్తు చెక్కపీట ఒకటి ఉంది. దాని మీద రెండు పాదాల మేర రంగంతా పోయి, చెక్క నున్నగా అరిగి, మడమలు ఆనేచోట కొంచెం గుంటలు పడి ఉంది.