చచ్చిన ప్రింటరుకు బొట్టు

దసరా నాడు పాలకేంద్రంలో అన్నిటికీ బొట్లు పెట్టారు. తూకానికి, క్యాన్లకు, కంప్యూటరుకు. ఏడాదిగా పనిచేయని ప్రింటరు దగ్గరికొచ్చేసరికి పాలు పోసే సిద్దమ్మ చేయి ఆపింది.

"సచ్చినదానికి బొట్టేంది బిడ్డా? తీసి అవతల పారెయ్."

కేంద్రం లెక్కలు చూసే ధర్మేందర్ వైరు పీకి దాన్ని వెనక కొట్టంలో పడేశాడు. కంప్యూటరు వెన్న శాతం చూపిస్తే చీటీలు చేత్తోనే రాస్తున్నాడు కదా, దానితో పనేముంది?

తెల్లవారి పాలు వచ్చాయి. కంప్యూటరులో వెన్న శాతం చూపే ప్రోగ్రాం తెరుచుకోలేదు. 'ఏదో తప్పు జరిగింది' అని ఇంగ్లిషులో ఒకటే ముక్క.

"ఏమంటాంది?" అంది సిద్దమ్మ.

"తప్పయిందంటాంది అత్తా."

"ఏం తప్పు?"

"అది చెప్తలేదు."

"మా అత్త గూడ గిట్లనే. ఏం తప్పో చెప్పకుండ మూతి తిప్పుకునేది."

పాలు తెచ్చిన ఆడవాళ్లు నవ్వారు. ధర్మేందర్‌కు నవ్వు రాలేదు. పాలు తీసుకెళ్లే బండి ఇంకోసారి ఖాళీగా తిరిగొస్తే ఈ శామీర్‌పేట వైపు రామని డెయిరీ వాళ్లు ముందే చెప్పారు. నెట్టులో ఉచితంగా దొరికే ఈ ప్రోగ్రాం బంగారమని పట్టుబట్టి పెట్టించింది అతనే.

బండి వచ్చింది. "చీటీ లేని క్యాన్ ఎక్కిస్తె నా నౌకరి పోతది తమ్మీ," అన్నాడు డ్రైవరు గండయ్య. కాసేపు చూసి, ఖాళీ బండి తిప్పుకుని పోయాడు.

ధర్మేందర్ మేడ్చల్‌లోని నెట్ సెంటరుకు ఉరికాడు. ప్రోగ్రాం రాసినవాళ్లకు మెసేజి పెట్టి, అక్కడే కూర్చున్నాడు. ఎండ నెత్తికెక్కాక జవాబొచ్చింది.

'ప్రింటరు తగిలించి ఉందా? అది పనిచేయకున్నా పరవాలేదు, తగిలించి మాత్రం ఉండాలి.'

'ఆ మాట ఎక్కడ రాశారు?' అని అడిగాడు.

'రాయలేదు. అందరికీ తెలిసిందే కదా.'

అందరంటే ఎవరో అడగబుద్ధి కాలేదు.

తిరిగొచ్చేసరికి కేంద్రమంతా పులిసిన వాసన. ఆడవాళ్లు క్యాన్లు మోరీ కాలువలో వంచుతున్నారు. ఇగ బండి రాదని డెయిరీ నుంచి ఫోనొచ్చిందట. ఎవరూ అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండేది.

కొట్టంలోంచి ప్రింటరు మోసుకొచ్చి వైరు తగిలించాడు. సిద్దమ్మ కొంగుకు చేయి తుడుచుకుని, నిన్నటి కుంకుమ వేలితో అద్ది ప్రింటరుకు బొట్టు పెట్టింది.

"మొక్కు బిడ్డా. గీయనే ఇక్కడి పెద్దమనిషంట. మనకెవ్వరు చెప్పలే."

ప్రోగ్రాం వెంటనే తెరుచుకుంది.

'అంతా సిద్ధం. పాలు తీసుకురండి.'