మంచం జరిపినాక

బొగ్గుగనిలో షిఫ్టు దిగి వచ్చాక సంపత్ స్నానం చేసి, చాయ తాగి, క్వార్టర్ ముందుగదిలో నేల మీద బోర్లా పడుకుని బొమ్మరైలు నడుపుతాడు. సైకిలు చువ్వలు పట్టాలు, ఐస్‌క్రీం పుల్లలు స్లీపర్లు, అగరుబత్తి గొట్టం ఇంజను. పెట్టెలు మాత్రం పెళ్లిపత్రికల అట్టతో చేసినవి. గోదావరిఖనిలో పెళ్లిళ్లకు లోటు లేదు కాబట్టి బండికి పెట్టెలకూ లోటు లేదు.

బండి తిరిగిన మొదటిరోజు నుంచే ఒక కిటికీలో గోరంత సంపత్ కూర్చుని ఉన్నాడు. నెత్తిన టోపీ, టోపీకి దీపం. తల్లి సారవ్వ అన్నం వడ్డించినప్పుడల్లా ఆ కిటికీలో ఒక మెతుకు పెడుతుంది. పక్కింటి ఐలవ్వ వస్తే ఇద్దరు సంపత్‌లనూ పలకరించి పోతుంది.

బాధల్లా ఒకటే, కిటికీలోని చిన్న సంపత్ దిగలేడు. పట్టాలు గుండ్రం, స్టేషన్ లేదు. ప్లాట్‌ఫారం కట్టిన ప్రతిసారీ వంపులో పెట్టె నడుము గీసుకుని అది కూలిపోతోంది. స్టేషన్‌కు తిన్నని లైను కావాలి. గదిలో తిన్నని గోడ ఒక్కటే, దాని వెంట తండ్రి సదయ్య మంచం.

సదయ్య బొగ్గుదుమ్ముకు దగ్గు పట్టి, గని పనికి అన్‌ఫిట్ అయి, తన నౌకరి కొడుక్కి ఇప్పించి ఆ మంచమెక్కాడు. ఆయన్ను జరగమనడం కన్నా బొగ్గుగుట్టను జరగమనడం సులువు. హైదరాబాదులో రైలు నమూనాలు చేసే వర్క్‌షాపువాళ్లు సోమవారం రమ్మన్న సంగతి కూడా సంపత్ అందుకే చెప్పలేదు. బొగ్గుబాయిలో ఊపిరాడదు, ఇంట్లోనూ ఆడదు.

ఆదివారం కిటికీలో చిన్న సంపత్ దగ్గాడు. సదయ్య తల తిప్పాడు.

"గా దగ్గు నాది గదరా. వానికెట్లొచ్చె?"

"గట్లనే తిరుగుతుండు బాపు. దిగుతందుకు జాగ లేదు."

"ఏడ గావాలె జాగ?"

"నీ మంచం కాడ." సంపత్ మిగతాదీ చెప్పేశాడు. "హైదరాబాద్‌ల పని దొరికింది. రేపే పోవాలె."

సదయ్యకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నా పానం పెట్టి ఇప్పిచ్చిన నౌకరిరా అది."

కిటికీలో మళ్లీ దగ్గు. ఈసారి చాలాసేపు ఆగలేదు. ముసలాయన అదంతా విని, లేచి మంచం కోడు పట్టుకున్నాడు.

"ఒక చెయ్యెయ్యి."

సంపత్ గుండ్రాన్ని తెంచి గోడ వెంట లైను వేశాడు, చివర ప్లాట్‌ఫారం కట్టాడు. బండి గీసుకోకుండా వచ్చి ఆగింది. చిన్న సంపత్ దిగి, టోపీ తీసి సదయ్య మంచం కోడు పక్కన పెట్టి, గడప దాటిపోయాడు.

తెల్లారి సైరన్ మోగింది. సారవ్వ అలవాటుగా డ్యూటీ బూట్లు తెచ్చి ముందు పెట్టింది. సంపత్ కూడా అలవాటుగానే కాలు చాపాడు.

"తియ్యి అవి," అన్నాడు సదయ్య మంచంలోంచి. "దిగినోన్ని మల్ల ఎక్కియ్యకు."