సంచితో పాటు పోయినది

గుండె జబ్బంటూ వస్తే దశరథానికే రావాలని ఆ ఇంట్లో అందరూ ఎప్పుడో తీర్మానించుకున్నారు. రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చేది ఆయనే. అందుకే ఆయన భార్య ఈరవ్వ ఎడమ చెయ్యి గుంజుతోందని, చెమటలు పోస్తున్నాయని అంటే సోడా తాగించారు. మూడో సోడాకూ తగ్గకపోయేసరికి బోధన్ నుంచి నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయారు. గుండె పరీక్ష ఎవరికని నర్సు అడిగితే దశరథం చొక్కా గుండీలు విప్పబోయాడు.

ఈరవ్వకు నలభై ఆరేళ్లు. గుండె రక్తనాళం ఒకటి పూడుకుపోయిందని స్టెంటు వేశారు. మరునాడు డాక్టర్ ఉదయశ్రీ మంచం దగ్గరికొచ్చి, నెలసరి ఎప్పుడు ఆగిందని అడిగింది.

"ఆగలే మేడం, ఆపిచ్చిన. ముప్పై ఒకటో యేట గర్భసంచి తీయించిన. చెరుకు కొట్టేటోళ్లం, నెలనెలా పని ఇడిశిపెడితె నడుస్తదా? మా వాడకట్టుల అందరం తీయించుకున్నం."

రేషన్ కార్డు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఇంటి నుంచి తెచ్చిన ఆ ఆపరేషన్ కాగితాలు ఉదయశ్రీ తిరగేసింది. "సంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారమ్మా. వాటి నుంచి వచ్చే ఈస్ట్రోజన్ హార్మోను రక్తనాళాల్లో కొవ్వు పేరుకోకుండా కొంత కాపాడుతుంది. యాభై దాకా ఉండాల్సిన ఆ కాపలా మీకు ముప్పై ఒకటికే పోయింది. ఇదొక్కటే కారణమని అనలేను. ఇదీ ఒకటి కావచ్చు."

"నాకెవ్వలు చెప్పలే," అంది ఈరవ్వ. చెప్పాల్సినవాళ్లు ఆ రోజు తొందరలో ఉన్నారు.

ఆమెకు కోపం రాలేదు, భయమేసింది. కోడలు సింధూజకు ఇరవై తొమ్మిదేళ్లు. నెలకు పది రోజులు రక్తం పోతోందని వచ్చే సోమవారం అదే ఆపరేషన్‌కు తేదీ తీసుకున్నారు. తీసుకున్నది ఈరవ్వే. వద్దని సింధూజ ఏడిస్తే, రెండు రోజులు మాట్లాడకుండా ఉండి మరీ ఒప్పించింది.

సాయంత్రం సింధూజ జావ తెచ్చింది.

"సోమవారం పోవద్దు," అంది ఈరవ్వ. "ముందుగాల ఈ మేడంకు సూపెట్టుకో. మందులతోని తక్కువైతదేమో అడుగు."

"తీయిస్తె పీడ పోతదని నువ్వే అంటివి గద అత్తమ్మా."

"అన్న. పీడ పోయింది, దానెంబడి పానం గూడ పోయేటిదే. తప్పు నాదే బిడ్డా. నిన్ను ఊకెనే ఏడిపిచ్చిన."

సింధూజ చేతిసంచిలోంచి కొత్త నైటీ తీసి మంచం మీద పెట్టింది.

"సోమవారానికని కొన్న. ఇగ నువ్వే తొడుక్కో."

ఈరవ్వ తొడుక్కుంది. అది ఇద్దరికీ పెద్దదే. పొట్ట మీది కుట్లకు ఒరుసుకోకూడదని సింధూజ రెండు సైజులు పెద్దది తీసుకుందట.