అక్షింత మింగిన ఆటపెట్టె

నేను ఒక ఆటపెట్టెను. గేమ్ కన్సోల్ అంటే మీకు ఇంకా బాగా తెలుస్తుంది. నా ముందువైపున్న సన్నటి చీలికే నా నోరు. ఆట ఉన్న సీడీ బిళ్ల అంచు తగిలితే చాలు, లోపలి రబ్బరు రోలర్లు దాన్ని గుటుక్కున మింగేస్తాయి. ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీలో పుట్టాను. నన్ను పరీక్షించినవాళ్లు ఎండ, దుమ్ము, తేమ అన్నీ ఆలోచించారు. దసరా సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు.

మొదట విశాఖలో ఒక హాస్టల్ కుర్రాడు నన్ను కొన్నాడు. ఓడినప్పుడల్లా నా నెత్తిన మొట్టేవాడు. పరీక్ష తప్పాక ఆ నేరమంతా నా మీదికి తోసి, నన్ను దివాకర్‌కు అమ్మేశాడు. దివాకర్ భార్య మందాకిని పురిటికి తెనాలిలో పుట్టింటికి వెళ్లింది. పాపను చూడడానికి వెళుతూ అతను బట్టల సంచి మరిచిపోయాడు గానీ, నన్ను మాత్రం ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాడు.

దానికి కారణం ఉంది. పాప పేరు దగ్గర మొగుడూపెళ్లాలకు పేచీ వచ్చింది. అతనికి వాళ్ల నాయనమ్మ పేరు చంద్రమతి కావాలి. ఆమెకు మిహిర కావాలి. చివరికి నా మీద కారు పందేలు ఆడి తేల్చుకుందామన్నారు. ఇద్దరూ సమానంగా గెలిచి, ఆఖరి ఆట మిగిలింది. అది దసరా మర్నాడు, ఆ తర్వాతి రోజే బారసాల. పెద్దవాళ్లు పంచాంగం చూసి తేల్చే విషయాన్ని నాకు అప్పగించారని నేను పొంగిపోయాను.

దసరాకు మందాకిని తల్లి కనకరత్నమ్మ గారు ఇంట్లోని యంత్రాలన్నింటికీ పూజ చేశారు. స్కూటరు, మిక్సీ, కుట్టుమిషను అయ్యాక నాకు బొట్టు పెట్టి, నెయ్యి వేసి కలిపిన అక్షింతలు గుప్పెడు చల్లారు. "చల్లగా ఉండు నాయనా" అన్నారు. అంతవరకు నన్నెవరూ దీవించలేదు. ఆ సంబరంలో ఒక గింజ నోట్లోకి జారిందని నేను పట్టించుకోలేదు.

మర్నాడు బిళ్ల పెడితే సగం మింగి, గర్రుమని ఉమ్మేశాను. దివాకర్ దాన్ని లుంగీతో తుడిచాడు. వేరే బిళ్ల పెట్టాడు. నన్ను ఆపి, మళ్లీ ఆన్ చేశాడు. నోట్లోకి ఉఫ్‌మని ఊదాడు. ఆ పొద్దున అతను తిన్న అల్లం పెసరట్టు వాసన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

"ఓడిపోతానని నువ్వే ఏదో చేసుంటావ్" అంది మందాకిని.

"నేనా? రాత్రి దీని పక్కన కూర్చుంది నువ్వు!"

"పాపకి పాలిస్తూ కూర్చున్నా. నీకేం తెలుసులే, గురక పెడుతున్నావ్‌గా."

"బాలింతవి, టీవీ చూస్తే కళ్లు పోతాయే అంటే విన్నావా? మంచి పనైంది" అన్నారు కనకరత్నమ్మ గారు వంటింట్లోంచి. దాంతో ఇద్దరి అనుమానమూ ఆవిడ మీదికి మళ్లింది. యంత్రం పాడైతే మనుషులు స్క్రూడ్రైవర్ కన్నా ముందు దోషిని వెతుకుతారు.

"పోనీ, కొత్తది కొందాం" అన్నాడు దివాకర్.

మందాకిని ఒప్పుకోలేదు. ప్లగ్గు పీకించి, కుట్టుమిషను స్క్రూడ్రైవర్‌తో నా మూత విప్పించింది. రోలరు నిండా నెయ్యి జిడ్డు. దాని పక్కన ఇరుక్కుని పచ్చటి బియ్యపు గింజ!

కనకరత్నమ్మ గారు చెంపలు వేసుకున్నారు. "పెట్టెకి నోరుంటదని నాకేం తెలుసు బాబూ!"

జిడ్డు తుడవడానికి దూది కావాలన్నాడు దివాకర్. మందాకిని చలిగాలి సోకకుండా తన చెవిలో పెట్టిన బాలింత దూది పీకి ఇచ్చింది. తల్లి లబోదిబోమంటుండగానే అతను దాన్ని స్పిరిట్‌లో ముంచి రోలర్లు తుడిచేశాడు. ఈసారి బిళ్ల పెట్టగానే మింగేశాను.

ఆఖరి మలుపు దాకా దివాకరే ముందున్నాడు. ఒక చెవికి దూది ఉండి, ఇంకో చెవికి లేకుండా, మందాకిని చిన్నపిల్లలా అరుస్తూ ఆడుతోంది. అతను ఒక్క క్షణం తెర వదిలి ఆమెను చూశాడు. తర్వాత అతని బొటనవేలు బ్రేకు మీద పడింది, బ్రేకు అవసరమే లేని చోట. ఆమె కారు దూసుకుపోయింది.

బారసాల నాడు అతనే పళ్లెంలోని బియ్యం మీద ఉంగరంతో 'మిహిర' అని రాశాడు. కనకరత్నమ్మ గారు నా నోట్లోంచి తీసిన గింజను కూడా అందులో వేశారు.

ఇప్పుడు మిహిర బడికి వెళుతోంది. ఏటా దసరాకు ముందుగా నా నోటికి ప్లాస్టరు అంటించి, ఆ తర్వాతే అక్షింతలు చల్లుతారు. మొన్న పూజ దగ్గర ఆ పిల్ల అడిగింది, "నాన్నా, అమ్మ నిజంగానే గెలిచిందా?"

"గెలవకపోతే నీకీ పేరెలా వస్తది?" అన్నాడు దివాకర్, నా వైపు చూడకుండా.

నేనేం మాట్లాడతాను? నోటికి ప్లాస్టరు ఉంది కదా.