లావు తీగ

"పెద్దదాన్ని వెంట తీసుకెళ్లమ్మా, దాని చెవి చురుకు," అంది అత్తగారు చిన్నకోడలితో. ఆ పెద్దది, అంటే పెద్దకోడలు, అక్కడే ఉంది. దుప్పటి రెండో కొస పట్టుకునేవాళ్లు లేక, దాన్ని గడ్డం కింద నొక్కిపెట్టుకుని ఒక్కతే మడతపెడుతోంది. తన చెవి గురించి మాట్లాడేటప్పుడు తనతో కూడా ఒక మాట అనొచ్చు కదా అని ఎవరికీ తోచలేదు. చెవి ఉంటే చాలు, మనిషితో మాకేం పని అన్నట్టుంది వ్యవహారం.

చిన్నకోడలు పళ్ల డాక్టరు. ఆమె పనిచేసే ఆసుపత్రిలో నలుగురైదుగురు కలిసి బ్యాండు పెట్టుకున్నారు. మత్తు డాక్టరు పాడతాడు, ఎక్స్‌రే తీసే అమ్మాయి డ్రమ్స్ కొడుతుంది, బేస్ గిటారు వాయించేవాళ్లు లేక అంతా ఆగిపోయింది. "నేను నేర్చుకుంటా" అందట పళ్ల డాక్టరు. పాడేవాడిది బాగా కింది గొంతు కాబట్టి మామూలు నాలుగు తీగలది చాలదట. వాటికి పైన ఇంకో లావు తీగ ఉన్న ఐదు తీగలదే కావాలట. "ఐదెందుకే, నాలుగు చాలవా?" అని అత్తగారు నోరు తెరిస్తే, పెద్దకోడలి భర్త నవ్వాడు. "డాక్టరమ్మకి ఒక తీగ ఎక్కువైతే ఏం పోయిందమ్మా? పాపం, పొద్దస్తమానం ఎవరి నోట్లోకో చూస్తూ కూర్చుంటుంది. మనిషన్నాక ఏదో ఒక సరదా ఉండాలిగా." దుప్పటి మడత పెడుతున్న మనిషికి ఆ మాట ఎక్కడో చురుక్కుమంది. మనిషన్నాక అన్నాడు. ఆ లెక్కన పెళ్లయిన పదిహేడేళ్లుగా ఆయన తనని ఏమనుకుంటున్నట్టు?

ఆమెదీ ఉద్యోగమే. ఫ్యాన్ మోటార్లు చేసే ఫ్యాక్టరీలో, గోడలకు స్పాంజి అతికించిన చిన్న గదిలో, పద్నాలుగేళ్లుగా ఆమె పని వినడం. ఒక్కో మోటారునూ అర నిమిషం తిప్పుతారు. ఆమె పొడవాటి స్క్రూడ్రైవరు మొనను మోటారు ఒంటికి ఆనించి, పిడికి చెవి ఆనిస్తుంది. బేరింగులో ఇసుకరేణువంత తేడా ఉన్నా ఆ పిడి చెవిలో చెప్పేస్తుంది. ఆమె "ఊఁ" అంటే మోటారు పాసు, "ఊహూఁ" అంటే పక్కకి. కాగితం మీద సంతకం మాత్రం సూపర్‌వైజరుది. వినడం కూడా ఒక పని అని రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు.

నాలుగున్నరకి ఫ్యాక్టరీ వదులుతుంది గాని చెవి డ్యూటీ దిగదు. అత్తగారి దగ్గు పొడిదో తడిదో, పైవాటాలో తోడికోడలి పాప ఏడుపు ఆకలిదో నిద్రదో, భర్త తలుపు మూసిన చప్పుడును బట్టి ఆఫీసులో ఇవాళ ఏం జరిగిందో, అన్నీ ఆమె చెవినే పడతాయి. ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతుంది. "మా పెద్దది మాట వింటుంది" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఈ ఒక్క మాటతో ఎంత పని జరిగిపోతుందో చూడండి. చెవిన పడటమూ వినడమే, చెప్పింది చేయడమూ వినడమే. అందుకే ఆమెకు వినపడిందల్లా ఆమె చేయాల్సిన పనైపోయింది. "చిన్నది ఒక్క ముక్క వినదు" అని కూడా అంటుంది అత్తగారు. అలా అనేటప్పుడు ఆ గొంతులో కోపం వెతికినా దొరకదు, అంతా గారాబమే.

కుళ్లు అంటే ఇదే. దానికి కాస్త మర్యాదగల పేరు పెట్టుకుందామని ఆమె చాలా రోజులు చూసింది. అలసట అనుకుంది, చికాకు అనుకుంది, వయసు అనుకుంది. కాదు, కుళ్లే. తోడికోడలు తాగిన కప్పును అక్కడే వదిలేసి లేచిపోతే కుళ్లు. ఆదివారం తలుపేసుకుని పడుకుంటే ఎవరూ తట్టకపోతే కుళ్లు. "నాకిది కావాలి" అని నలుగురిలో అనేసి, ఎవరి మొహమూ చూడకుండా గ్లాసెడు మంచినీళ్లు తాగగలిగితే దానికి మరీ కుళ్లు. తను ఏదైనా అడగాలంటే రెండు రోజుల ముందునుంచే ఇంట్లో అందరి మనసులూ చదును చేసుకోవాలి. అంతా చేశాక ఏం అడగాలో తెలియదు. తనకేం కావాలో తనకే తెలియకపోవడం చూసి ఇంకాస్త ఉడుక్కునేది.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ వెళ్లారు. మందుల షాపు పైన మేడమీద పొడవాటి గది. గోడ పొడుగునా గిటార్లు మెడలు పట్టుకుని వేలాడదీసి ఉన్నాయి. నెరిసిన జుట్టు వెనక్కి ముడి వేసుకున్న షాపతను పళ్ల డాక్టరుకి కుర్చీ లాగాడు. పెద్దకోడలికి తలుపు దగ్గర స్టూలు చూపించి, "ఆ బ్యాగు మీరు పట్టుకోండి మేడమ్, అడ్డం వస్తుంది," అన్నాడు. తోడికోడలి బ్యాగు వచ్చి ఆమె రెండో భుజానికెక్కింది.

ఐదు తీగలవి మూడున్నాయి. ఒకటి సముద్రం రంగు నీలంది, ఒకటి నల్లది, చివర ఒకటి రంగేమీ వేయని చెక్కది. పళ్ల డాక్టరు కళ్లు నీలందాని మీదే ఆగిపోయాయి. "దీంతో మా స్టేజీ మొత్తం వెలిగిపోతుందక్కా!" అంది. షాపతను దాన్ని ఒళ్లో పెట్టుకుని, వైరు తగిలించకుండానే నాలుగు స్వరాలు వాయించాడు. అప్పుడు పెద్దకోడలు తనకు తెలియకుండానే లేచి వెళ్లింది. రెండు బ్యాగులతోనే ఒంగి, వాయిస్తున్న గిటారు ఒంటి మీద కొమ్ములా పొడుచుకొచ్చిన అంచుకి చెవి ఆనించింది. పద్నాలుగేళ్ల అలవాటు. స్క్రూడ్రైవరు చేతిలో లేకపోవడం ఒక్కటే తక్కువ.

షాపతను వాయించడం ఆపి నవ్వాడు. "అక్కడేం వినపడుతుంది మేడమ్? శబ్దం వచ్చేది ఆ స్పీకరు డబ్బాలోంచి. దీనికి వైరు పెట్టాలి, ఆ యాంప్‌కి తగిలించాలి."

"మా అక్క అంతే అండీ," అని పళ్ల డాక్టరు కూడా నవ్వింది. "ఫ్యాన్‌కైనా చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంది."

పెద్దకోడలి చెవులు వేడెక్కాయి. కానీ ఆ వేడిలోనే ఆమె వినాల్సింది వినేసింది. లావు తీగను మెడ మీది మూడో మెట్టు దగ్గర నొక్కినప్పుడల్లా చెక్క లోపల ఏదో గలగలమంటోంది. వదులైన వాషరు చప్పుడది. తన గదిలో అయితే "ఊహూఁ" అని పక్కకి తోసేది. ఇక్కడ ఆ సంగతి ఎత్తకుండా, నల్లదాన్ని కూడా వాయించమని చెవి ఆనించి వింది. తర్వాత, "ఆ చివరిది ఒకసారి," అంది.

"అది పాతది మేడమ్. ఒకాయన వాడి ఇచ్చేశాడు. పైగా బరువు. ఆడవాళ్లకి భుజాలు నొప్పి పుడతాయి." ఆడవాళ్ల భుజాల గురించి అతని బెంగ చూసి ఆమెకు నవ్వొచ్చింది. అతను బతిమాలించుకున్నట్టే దించి, డబ్బాకి తగిలించాడు. అదీ పెద్ద డబ్బాకి, ఎందుకంటే వైరు దానికే ఉంది. పళ్ల డాక్టరు ఫోను వస్తే కిటికీ వైపు వెళ్లింది. పెద్దకోడలు బొటనవేలితో లావు తీగను ఒక్కసారి లాగి వదిలింది.

శబ్దం చెవికి రాలేదు. ముందు అరికాళ్లకి వచ్చింది, తర్వాత కడుపుకి, ఆ తర్వాత పక్కటెముకల్లోకి. ఆమె కదలకుండా నిలబడింది. పద్నాలుగేళ్లుగా ఆమె విన్న ప్రతి శబ్దానికీ ఆమెతో ఏదో ఒక పని ఉండేది. నన్ను చూడు, నన్ను దించు, నన్ను ఎత్తుకో, నాకు అన్నం పెట్టు. ఈ శబ్దానికి ఆమెతో ఏ పనీ లేదు. వచ్చింది, కాసేపు ఉంది, మెల్లగా వెళ్లిపోయింది. ఇది నాకు కావాలి, అనుకుంది ఆమె. అనుకున్నాక, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది.

షాపతను పక్కనున్న చిన్న డబ్బా చూపించాడు. "ఇంట్లో ప్రాక్టీసుకి ఇదీ చాలు." దానికి తగిలించి లాగితే లావు తీగ దగ్గినట్టు పలికింది. కింది భాగమంతా పోయి, పైపై గరగర మాత్రం వచ్చింది. ఆమె మళ్లీ పెద్ద డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూసింది. "ఇక్కడున్న ఈ కన్నం ఏమిటి?"

"అది హెడ్‌ఫోన్‌కండీ. చెవులకు పెట్టుకుంటే మీరు ఎంత వాయించినా ఇంట్లో ఎవరికీ వినపడదు."

"మరి ఇంట్లో వాళ్లు పిలిస్తే? పెట్టుకున్నవాళ్లకి వినపడదా?"

అతను మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూశాడు. "అస్సలు వినపడదు మేడమ్," అన్నాడు.

పళ్ల డాక్టరు ఫోను పెట్టేసి వచ్చింది. "ఏమంటారక్కా? నీలందేగా? మీరు ఊఁ అంటే అదే."

"ఊఁ," అంది పెద్దకోడలు. "నీలందే తీసుకో. ఆ చిన్న డబ్బా చాలు."

ఇన్నేళ్లలో ఒక్క చెడ్డ మోటారునీ పాసు చేయని మనిషి! అబద్ధం చెప్పాక రావలసిన భయం రాలేదు. లోపల హాయిగా ఉంది. తోడికోడలు నెల రోజులు ఆ గలగలతో కుస్తీ పట్టడం, తప్పు తన వేళ్లదే అనుకోవడం, చివరికి విసుగొచ్చి నీలందాన్ని అటకెక్కించడం వరుసగా కనిపించాయి. "మన చిన్నదానికి కూడా చేతకాని పని ఒకటుందన్నమాట" అని అత్తగారు అనడం కూడా వినిపించింది. ఎంత బాగుందో ఆ మాట! షాపతను బిల్లు పుస్తకం తెరిచాడు.

పళ్ల డాక్టరు సంతోషం పట్టలేక ఆమె చెయ్యి పట్టుకుంది. "సోమ, బుధ, శుక్రవారాలు ఆరింటికి రిహార్సలక్కా. పాప ఎలాగూ మీ దగ్గరుంటుంది కాబట్టి నాకింక దిగుల్లేదు."

"నా దగ్గరా?"

"అత్తయ్య మీకు చెప్పలేదా? ఆవిడే అన్నారు, పెద్దది చూసుకుంటుందిలే అని. బావగారు కూడా, మీ అక్క ఎలాగూ ఇంట్లోనే ఉంటుందిగా అన్నారు." ఆ పిల్ల మొహంలో కపటం లేదు. తెలిసిన సంగతే కదా అన్నట్టు చెప్పింది.

ఎలాగూ. ఆ ముక్కలోకి తన సాయంత్రాలన్నీ ఎంత సులువుగా పట్టేశాయో! ఆయన ఎంత దొడ్డమనసుతో సరదా ఉండాలన్నాడు, అత్తగారు ఎంత ప్రేమగా సరేనంది! వాళ్లు చిన్నకోడలికి ధారాళంగా ఇచ్చేసింది వాళ్ల సొత్తు కాదు. తన సోమవారం, తన బుధవారం, తన శుక్రవారం. ఇన్నాళ్లూ తోడికోడలి చేతిలోది చూసి కుళ్లిపోయింది గాని, అది ఎవరి చేతిలోంచి తీసి పెట్టారో చూసుకోలేదు. ఈ పిల్లని ఏమనాలి? అడిగింది, ఇచ్చారు, తీసుకుంది. ఆ గలగలమనే గిటారు దీని మెడకి కట్టి ఇంటికి తీసుకెళ్తే, మళ్లీ ఆడవాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఏడుస్తారు. పేపరు చదువుకునే మగవాళ్లు చదువుకుంటూనే ఉంటారు.

కుళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. తోడికోడలి సంబరం చూస్తుంటే ఇప్పటికీ మండుతూనే ఉంది. అయినా ఆమె రెండు బ్యాగులూ దించి స్టూలు మీద పెట్టింది.

"బిల్లు ఆపండి," అంది షాపతనితో. తర్వాత తోడికోడలి వైపు తిరిగింది. "నీలంది తీసుకోకు. లావు తీగ మూడో మెట్టు దగ్గర గలగలమంటోంది. నాకు ఇందాకే తెలుసు."

షాపతను ఏదో అనబోయి, నీలందాన్ని తీసి ఆ మెట్టు దగ్గరే నొక్కి, తనూ ఒంగి చెవి ఆనించాడు. లేచి బిల్లు పుస్తకం మూసేశాడు.

"తెలిసీ ఎందుకు బాగుందన్నారక్కా?"

"కుళ్లు."

"నా మీదా?"

"నీ మీదే. నల్లది తీసుకో. దాన్ని కూడా విన్నాను, ఏ లోపమూ లేదు. డబ్బా మాత్రం పెద్దదే తీసుకో, చిన్నది లావు తీగను మోయలేదు."

పళ్ల డాక్టరు మొహం ఎర్రబడింది. నల్లదాన్ని చూసి, దాని పక్కనున్న చెక్కదాన్ని చూసింది. ఎంతైనా తెలివైన పిల్ల. మెల్లగా, "మరి ఆ చెక్కది? మీరు దాన్నే ఎక్కువసేపు చూశారు. అన్నిట్లోకీ అదే బాగుందా?" అంది.

"అదే బాగుంది. అది నేను తీసుకుంటున్నా," అంది పెద్దకోడలు. జీతం పడే కార్డు సంచి అడుగునుంచి తీసింది. ఆయనకు చెప్పకుండా దాన్ని ఎప్పుడూ వాడి ఎరగదు. దాన్ని షాపతని ముందు పెట్టింది. "దాంతో పాటు ఇంకో పెద్ద డబ్బా, హెడ్‌ఫోనూ. పాప సంగతి వాళ్ల నాన్నని అడుగు. సోమ, బుధ, శుక్రవారాలు నాకు ఖాళీ ఉండదు."

"అక్కా!" అంది పళ్ల డాక్టరు, కోపమో నవ్వో తేల్చుకోలేక. "మీకసలు వాయించడం రాదుగా!"

"నీకూ రాదుగా," అంది పెద్దకోడలు.