కొడుకు కోసం తాగిన మందు

మార్చి నెలాఖరులో, ప్రత్తిపాడు దగ్గర చేలో మిరపకాయలు కోస్తూ తేజ స్పృహ తప్పి పడిపోయాడు. వయసు పందొమ్మిదేళ్లు. పుట్టినప్పుడు ఆడపిల్లని తేజశ్రీ అని పేరు పెట్టారు. పదో తరగతి దాటాక తేజ అంటేనే పలికేవాడు. "నేను అమ్మాయిని కాదమ్మా" అని తల్లి బసవమ్మకు రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ ఆమె కొట్టింది.

గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు ఫెబా తేజ చొక్కా విప్పించి చూసింది. రొమ్ములు కనపడకుండా పాత పంచె చీల్చి, ఊపిరాడనంత బిగించి చుట్టుకున్నాడు. ఆ కట్టుతోనే పొద్దుటి నుంచి ఎండలో వంగి కాయలు కోశాడు. కట్టు కింద చర్మం పొక్కిపోయింది.

ఆమె తేజతో విడిగా అరగంట మాట్లాడి, తల్లిదండ్రుల్ని లోపలికి పిలిచింది.

"మీ బిడ్డకి పిచ్చేం లేదండి. ఒళ్లు ఒకటి, మనసు ఒకటి అయిపోయి చిన్నప్పటి నుంచీ నలిగిపోతున్నాడు."

"నలిగిపోతున్నాడేంటండీ, ఆడపిల్లైతేను" అన్నాడు తండ్రి బుల్లయ్య.

బసవమ్మ నేల చూస్తూ అడిగింది. "కడుపులో ఉండగా తాగినదాని వల్ల ఇట్టా అవుద్దా అమ్మా?"

తేజకు ముందే ఇద్దరు ఆడపిల్లలు. తేజ కడుపున పడ్డ మూడో నెలలో బుల్లయ్య ఆమెను పొన్నూరు అవతల ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాడు. కొడుకు పుట్టే మందంటూ ఆయనిచ్చిన పొడిని నలభై రోజులు పాలల్లో కలుపుకుని తాగింది.

"ఒళ్లు మారలా. మనసొక్కటే మారిందేమోనమ్మా" అంది బసవమ్మ ఆ సంగతంతా చెప్పి.

ఫెబా ఇద్దరికీ కుర్చీలు చూపించి చెప్పింది.

"కడుపులో ముందు శరీరం ఆడో మగో తేలుతుంది. మెదడు ఆ తర్వాత నెలల్లో రూపు దిద్దుకుంటుంది. రెంటి మీదా హార్మోన్లు పనిచేస్తాయి. ఒక్కోసారి రెండూ ఒకే దారిన పోవేమోనని కొందరు అంటారు. అది ఇంకా తేలలేదు. మీరు ఏ మందూ తాగకపోయినా ఇలాంటి బిడ్డలు పుడతారు. మీ మందు వల్లేనని గానీ, కాదని గానీ నేను చెప్పలేను."

అవునంటే బసవమ్మ ఆ పాపం మోసేది. కాదంటే దించుకునేది. చెప్పలేననడంతో ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

"మందుతో వచ్చిందైతే విరుగుడు ఉండాలిగా" అన్నాడు బుల్లయ్య.

"ఇది జబ్బు కాదండి, విరుగుడు ఉండటానికి."

తలుపు అవతల బెంచీ మీద కూర్చున్న తేజకు అన్నీ వినపడ్డాయి. ఊరికి తిరిగొచ్చే బస్సులో తల్లి పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "నేను పుట్టకముందు కొడుకు కావాలని మందు తాగావు. కొడుకునేనని చెబితే కొట్టావు."



పది రోజులకు బుల్లయ్య పొన్నూరు వెళ్లొచ్చాడు. ముసలాయన ఎప్పుడో పోయాడు. ఆయన కోడలు విరుగుడంటూ ఏదో పొట్లం కట్టి ఇచ్చింది. "చెప్పకుండా పాలల్లో కలిపియ్యి" అన్నాడు భార్యతో. ఆమె కలిపింది.

తేజ గ్లాసు వాసన చూశాడు. "ఏం కలిపావమ్మా?"

అబద్ధం చెప్పడం చేతకాక ఆమె పొన్నూరు మందని చెప్పేసింది. తేజ గ్లాసు కింద పెట్టి లేచాడు. మర్నాడు రెండు జతల బట్టలతో చీరాల వెళ్లి మరమగ్గాల షెడ్డులో పనికి కుదిరాడు.

ఆషాఢంలో బసవమ్మ ఒక్కతే చీరాల వెళ్లింది. తేజ జుట్టు కురచగా కత్తిరించుకున్నాడు. కాస్త చిక్కాడు. టీ కొట్టు దగ్గర నిలబడి ఇద్దరూ టీ తాగారు.

"ఆ మందు తాగకపోయుంటే నువ్వు..." అని మొదలుపెట్టింది ఆమె.

"తాగకపోయినా ఇట్టాగే ఉండేవాణ్ణేమో. దేనివల్ల వచ్చిందో తెలుసుకోవాలని నాకు లేదమ్మా. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి నీ చేతుల్లో పాడైపోయిన వస్తువును చూసినట్టు చూస్తున్నావు నన్ను. తట్టుకోలేకపోతున్నా. కొన్నాళ్లు రామాక."

"ఎన్నాళ్లు?"

తేజ టీ డబ్బులిచ్చి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక బుల్లయ్య ఏమీ అడగలేదు.  ఊళ్లో ఎవరడిగినా పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంటోందని ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు.