నురగలు కక్కే ఊట

సర్వేయరుగారు ఆ బోడికొండల్లో లోయలన్నీ కొలిచి పటం గీశారు. ఏం లాభం? ఊట ఉన్నచోట పెట్టాల్సిన నీలిచుక్క ఒక్కటీ పడలేదు. చుక్క లేని పటాన్ని పై ఆఫీసులో ముట్టుకోరని ఆయన బెంగ.

అలాంటిది ఒక పొద్దున క్వార్టర్సు కింది లోయలోంచి రొప్పుకుంటూ వచ్చారు. "ఏమేవ్! ఊట దొరికింది! బండ సందులోంచి నురగలు కక్కుతోంది. ఖనిజాలు దండిగా ఉన్నట్టున్నాయి!"

పెరట్లో దుప్పటి బాదుతున్న భార్య చెయ్యి గాల్లోనే ఆగింది. ట్యాంకరు నీళ్ళతో తను ఉతికినప్పుడల్లా ఆ నీళ్ళు బండ పగుల్లోకి గుటకేసినట్టు పోతాయి. పోయి ఎక్కడ తేలుతున్నాయో ఏనాడూ ఆలోచించలేదు.

"కొంపదీసి తాగారా?"

"రెండు దోసిళ్ళు. కాస్త వగరు. కడుపు ఎంత తేలికైందో!"

"అవదూ మరి!"

సంగతి చెప్పబోయేలోగా ఆయన ఫోనందుకున్నారు. రాత్రి పొద్దుపోయాక ఆ ఫోను దించే సరికి పెద్దాఫీసరు రాక ఖాయమైపోయింది.

మర్నాడు ఆఫీసరూ, సర్వేయరుగారూ లోయలోకి దిగారు. సందు ఎండి ఉంది. "నిన్న ధారగా వచ్చింది సార్, ఒట్టు!" అంటున్న మొగుడి గొంతు పైకి వినిపిస్తోంది. ఆమెకు జాలేసింది. ఒక్క బకెట్టు వంపితే ఆయన పరువు నిలబడుతుంది. బకెట్టు ఎత్తింది కూడా. కానీ రేపు ఏ బాటసారో ఆ చుక్కను నమ్మి, నాలుక పిడచగట్టి, తను పుట్టింటికి వెళ్ళిన వారంలో వస్తే?

మాటతో చెబితే నమ్మే మనిషా ఆయన! నీలిమందు సీసా మొత్తం బకెట్లో బోర్లించి, పగుల్లో పోసి, అంచుకు పరిగెత్తి కేకేసింది: "ఏవండీ, తాగకండి! అవి మీ బనియన్ల నీళ్ళు!"

దాహం మీదున్న ఆఫీసరు అప్పటికే సందుకు మూతి ఆనించేశారు.

ఆయన ఉమ్మి, దగ్గి, చివరికి పడీపడీ నవ్వారు. "ఇక్కడ నీళ్ళు లేవని రాసి పంపవయ్యా. దాహంతో వచ్చేవాడికి అదీ తెలియాలిగా!"

పైకెక్కాక సర్వేయరుగారు పళ్ళు నూరారు. "నిన్ననే చెప్పొచ్చుగా?"

"మీరు ఫోను దించితేగా!"

"అమ్మా, కాస్త అద్దం ఉందా?" అన్నారు ఆఫీసరు, తడి మీసం తుడుచుకుంటూ. లోయలోకి దిగేముందు పాలనురుగులా ఉన్న మీసం అది.

మొగుడూ పెళ్ళాలు మొహాలు చూసుకున్నారు.

"లేదండీ!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.